రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 32. ఎండీ పీడియాట్రిక్స్ తర్వాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ చేసి, రెండేళ్లుగా ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆసుపత్రిలో కన్సల్టెంటుగా ఉన్నాను. పన్నెండు పడకల ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ). పిల్లల డాక్టర్‌ని నేనొక్కదాన్నే. రాత్రి డ్యూటీ డాక్టర్ ఎంబీబీఎస్ పాసై ఆరు నెలలైన కుర్రాడు. క్యాన్యులా (సెలైన్ సూది) పెట్టడానికి నరం దొరక్కపోయినా నాకే ఫోన్. పగలు రౌండ్స్, ఓపీ. మధ్యలో నాలుగు నర్సింగ్ హోముల నుంచి సిజేరియన్ కాల్స్. నెలకు రెండు లక్షలు ఇస్తారు. ఈ మధ్య మేనేజ్‌మెంట్ నుంచి 'మేడమ్, అడ్మిషన్లు తగ్గాయి' అనే మాట కూడా మొదలైంది.

నెల కిందట 28 వారాలకే పుట్టిన పాపను తీసుకొచ్చారు. 1,050 గ్రాములు. వేరే ఊళ్లో పుట్టి మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. చేతికి తీసుకునేసరికి ఒళ్లు చల్లగా ఉంది. నాలుగో రోజు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై చనిపోయింది. బంధువులు ముప్పై మంది వచ్చి రిసెప్షన్ అద్దం పగలగొట్టారు. డబ్బు కోసం చంపారన్నారు. మేనేజ్‌మెంట్ బిల్లు మాఫీ చేసి పంపేసింది. నాతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు ఓపీలో 64 మందిని చూశాను. అప్పటినుంచి నాకేమీ అనిపించడం లేదు, ఏడుపు కూడా రావడం లేదు.

మా పాపకు 22 నెలలు. దాని పద్దెనిమిదో నెల బూస్టర్ నేను ఇంకా వేయించలేదు. రోజూ పదిమంది పిల్లలకు టీకాలు రాసేదాన్ని. మొన్న రాత్రి కాల్‌కి కారులో వెళ్తూ, చిన్న యాక్సిడెంట్ అయి కాలు విరిగితే బాగుండు, ఆరు వారాలు రెస్ట్ దొరుకుతుంది అనుకున్నాను.

మావారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు వస్తారు. 'మానేసి వచ్చెయ్, నా జీతం చాలు' అంటారు. నా క్లాస్‌మేట్ రేడియాలజీ తీసుకుంది, సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటుంది. నాకూ మంచి ర్యాంకే వచ్చింది, పిల్లల మీద ఇష్టంతో ఇటు వచ్చాను. తప్పు చేశానా? బ్రాంచి మారాలా, ఊరు మారాలా, దేశం మారాలా?
– పేరు వద్దు

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగిన ప్రశ్నలకు తర్వాత వస్తాను. మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన సంగతి ముందు మాట్లాడుకుందాం. కాలు విరిగితే బాగుండు అన్నారు చూడండి, అది.

నైట్ డ్యూటీలు చేసే డాక్టర్లలో ఆ కోరిక చాలామందికి వస్తుంది. క్యాంటీన్లో జోకుగా చెప్పుకుంటారు కూడా. నేనూ ఒకప్పుడు కామెర్లు వస్తే బాగుండు అనుకున్నాను. యాక్సిడెంటుకి ధైర్యం చాలక జబ్బు కోరుకున్నానన్నమాట. అడిగితే సెలవు దొరకదని నిశ్చయమైపోయాక, ఒళ్లు తన సెలవు చీటీ తానే రాసుకుంటుంది. అయితే మీ విషయంలో దానికి తోడు మరో రెండు ఉన్నాయి. నెల రోజులుగా ఏమీ అనిపించకపోవడం, ఏడుపు రాకపోవడం. ఈ మూడూ కలిస్తే అలసట అనుకుని ఊరుకోకూడదు. ఎవరైనా తల్లి మీ ముందు కూర్చుని ఇవే చెబితే మీరేం రాస్తారో అదే మీకూ రాస్తున్నాను: ఒక సైకియాట్రిస్టును కలవండి. మీ ఊళ్లో అయితే ఐఎంఏ (డాక్టర్ల సంఘం) మీటింగులో పక్క కుర్చీలో కూర్చునే మనిషే కాబట్టి మొహమాటం ఉంటుంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు కలవండి. ఈలోగా రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం నంబరు 14416 ఉంది. 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, ఏ వేళయినా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టర్లు చేయకూడదని రూలేమీ లేదు. కాలు విరగడం దాటి, అసలు లేవకపోయినా ఫర్వాలేదు అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం హైదరాబాద్ ప్రయాణం దాకా ఆగొద్దు. ఆ రాత్రే మీవారిని పిలిపించుకుని, ఆ రాత్రే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకొకటి, ఇది ఇవాళే చేయాల్సింది. రాత్రి కాల్స్‌కి మీరు కారు నడపొద్దు. ఆసుపత్రి బండి పంపాలి, లేదా డ్రైవర్ని పెట్టాలి. అంబులెన్స్ ఉన్న ఆసుపత్రికి ఇది పెద్ద కోరిక కాదు. కాదంటే, వాళ్ల దృష్టిలో మీ ప్రాణం ఖరీదు ఎంతో తెలిసిపోతుంది. ఆ లెక్క తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఆ పాప సంగతి. మీరు కేసు వివరాలు రెండే రెండు ముక్కల్లో రాశారు. కానీ బరువు 1,050 అని గ్రాములతో సహా రాశారు, నెల దాటినా ఆ అంకె మీకు గుర్తుంది. ఏమీ అనిపించడం లేదన్నది కొంతవరకే నిజమని నాకు అక్కడే తెలిసింది. 28 వారాల బిడ్డకు తల్లి కడుపును మించిన అంబులెన్స్ లేదు. కాన్పుకు ముందే తల్లిని పంపాల్సింది, పుట్టాక బిడ్డను పంపారు. మూడు గంటల దారిలో ఒళ్లు చల్లబడింది. ఒళ్లు చల్లబడిన నెలలు నిండని బిడ్డకు ఊపిరీ చక్కెరా రక్తం గడ్డకట్టే గుణమూ అన్నీ ఒకదాని వెంట ఒకటి ఎలా దెబ్బతింటాయో నాకన్నా మీకే బాగా తెలుసు, మీరు కొత్తగా చదువుకున్నవారు. ఆ మూడు గంటలు మీ చేతిలో లేవు. మిగిలిన నాలుగు రోజుల్లో ఏం జరిగిందో కేసు షీట్ ముందుపెట్టుకుని, మీ మీద కోపం గానీ జాలి గానీ లేని మరో నియోనటాలజిస్టుతో (నవజాత శిశువుల డాక్టరుతో) గంట సేపు మాట్లాడండి. మీ పీజీ రోజుల ప్రొఫెసర్ అయినా సరే. అక్కడ ఏదైనా తప్పు కనిపిస్తే అది నేర్చుకునే తప్పుగా కనిపిస్తుంది. తెల్లవారుజామున మంచం మీద ఒక్కరే తవ్వుకుంటే నేరంలా కనిపిస్తుంది.

నేను డీసీహెచ్ (పిల్లల వైద్యంలో డిప్లొమా) చేసి బయటికొచ్చింది 1997లో. అప్పట్లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 70 మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. 2023 ప్రభుత్వ లెక్కలో అది 25. ఈ పాతిక వెనక మీ తరం వాళ్ల రాత్రులున్నాయి. అయితే దీనికి రెండో వైపు ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మా రోజుల్లో కిలో బిడ్డ పోతే తాతగారు తలూపి, తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయేవాడు. బతుకుతుందని ఆయనకు ఆశ లేదు, కాబట్టి మా మీద కోపమూ లేదు. ఇవాళ కిలో బిడ్డలు బతుకుతున్నారు. పక్కింటి వాళ్ల బిడ్డ బతికింది, ఫోటోలు కూడా చూపించారు. మరి మా బిడ్డ ఎందుకు పోయింది? వైద్యం ఎంత బాగుపడితే ఆ ప్రశ్న అంత గట్టిగా వినిపిస్తుంది. అద్దం పగలగొట్టినవాణ్ణి నేను సమర్థించడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే దీనికి చట్టం వచ్చింది. ఆసుపత్రి మీద, సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా. ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో చాలామంది డాక్టర్లకు, ఇంకా ఎక్కువమంది ఎస్సైలకు ఆ చట్టం ఉన్న సంగతే తెలియదు. మీ మేనేజ్‌మెంట్ ఫిర్యాదు ఇవ్వకుండా బిల్లు మాఫీ చేసింది. గొడవ సర్దుకోవడానికి ఇది బాగా పాతుకుపోయిన పద్ధతే. కానీ ఊరి జనానికి అది ఎలా వినిపిస్తుంది? తప్పు చేశారు కాబట్టే డబ్బు వదులుకున్నారని. అంటే బిల్లుతో పాటు మీ పేరును కూడా మాఫీ చేసేశారు, మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా.

నా మొదటి ఉద్యోగంలో ఇలాంటిదే జరిగింది. వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) పక్కన నిలబడిపోయిన నన్ను సిస్టరమ్మ ఒకావిడ చెయ్యిపట్టుకుని నర్సుల గదిలోకి తీసుకెళ్లి, టీ ఇచ్చి, తలుపు మూసి, బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలు ఎవర్నీ రానివ్వలేదు. ఆవిడ నాతో ఏమీ మాట్లాడలేదు. మీకు ఆ ఇరవై నిమిషాలు దక్కలేదు. నా మటుకు నాకు, మీ ఉత్తరం మొత్తం దీని గురించే.

మీరు బ్రాంచి మారాలా అని అడిగారు. ఉత్తరంలో మీరు చెప్పిన కష్టాలను నేనొక కాగితం మీద వేసి చూశాను. రాత్రి డ్యూటీ డాక్టర్ కుర్రాడు. ఒక్కరే కన్సల్టెంట్. నాలుగు నర్సింగ్ హోములు. అడ్మిషన్ల మాట. గొడవ తర్వాత పలకరించని యాజమాన్యం. వీటిలో పీడియాట్రిక్స్ ఎక్కడుంది? ఒక్కటీ లేదు. పిల్లలంటే విసుగొచ్చిందని రాయలేదు. ఏడ్చే పిల్లల గొంతు భరించలేకపోతున్నానని రాయలేదు. ఓపీలో అమ్మమ్మల వాదనలు, గూగుల్ చూసి వచ్చే నాన్నలు, 'సూది వద్దు సిరప్ రాయండి' అనే బేరాలు... మామూలుగా మన వాళ్లు మొదట మొరపెట్టుకునే ఈ సంగతుల్లో ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. ఇల్లు కారుతున్నప్పుడు మనిషికి ఊరే వదిలేయాలనిపిస్తుంది. ముందు పెంకులు చూడాలి.

మీలాంటి వాళ్ల మీద అమెరికాలో ఒక పని జరిగింది. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2012 నుంచి, చదువు ముగించి కొద్ది ఏళ్లే అయిన పీడియాట్రిషియన్లను ఏటా పలకరిస్తూ వాళ్ల ఉద్యోగం, ఇల్లు, ఆరోగ్యం గురించి అడిగి రాసుకుంటోంది. 2016లో అచ్చయిన వాళ్ల లెక్కల్లో నన్ను ఆపేసిన సంగతి ఇది: వృత్తితో తృప్తిగా ఉన్నామన్నవాళ్లు 83 శాతం. పనికీ ఇంటికీ సరైన తూకం ఉందన్నవాళ్లు 43 శాతమే. 30 శాతం మంది బర్న్‌అవుట్‌లో ఉన్నామన్నారు. అంటే వృత్తి నచ్చడమూ, ఆ వృత్తిలో నలిగిపోవడమూ ఒకే మనిషిలో ఉండగలవు. మీరు ఒకటి చూసి రెండోది లేదనుకుంటున్నారు. తూకం కుదిరినవాళ్లకూ కుదరనివాళ్లకూ తేడా ఎక్కడ అని చూస్తే, పిల్లలు ఉన్నారా లేదా అన్నది పెద్దగా తేల్చలేదు, ఏ స్పెషాలిటీ అన్నది కూడా తేల్చలేదు. సొంత ఆరోగ్యం, తోటి డాక్టర్ల ఆసరా, రోగిని చూసుకోవడానికి కావలసిన వనరులు, ఈ మూడూ తేల్చాయి. ఆడవాళ్లలో మాత్రం తూకం కుదిరిందన్నవాళ్లు మగవాళ్ల కన్నా తక్కువ. ఇది చెప్పడానికి అమెరికా దాకా పోనక్కర్లేదనుకోండి. అక్కడి జీతాలు వేరు, అక్కడి నర్సుల సంఖ్య వేరు, అక్కడ ముప్పై మంది వచ్చి అద్దాలు పగలగొట్టరు. అయినా ఆ మూడూ మీ ఉత్తరానికి అతికినట్టు సరిపోయాయి. మీకు ఇవాళ ఒంట్లో బాలేదు, తోటి డాక్టర్ లేరు, రాత్రి చేయందించే మనిషి లేడు.

కాబట్టి ఉద్యోగం చూసుకునేటప్పుడు జీతం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రాత్రి రెండింటికి నాకు చేతకాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లు ఎత్తుతారా? కిలో బిడ్డకు మందు మోతాదు లెక్కలో చుక్క ఒక్క స్థానం జరిగితే పదింతలవుతుంది. ఇరవై గంటలు మెలకువగా ఉన్న మనిషి ఒక్కరే ఆ చుక్క పెట్టాలి, పక్కన సరిచూసే కళ్లు లేవు. పెద్దవాళ్ల వైద్యంలో ఇంత ఇరుకు ఉండదు. ఇది మీ బలహీనత కానే కాదు, పని అమరికలోనే ఉన్న లోపం. పీజీలకైనా కాగితం మీద హద్దులున్నాయి. వారానికి 74 గంటలు మించొద్దని జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో చెప్పింది. అమలు సంగతి మనకు తెలుసు. ప్రైవేటు కన్సల్టెంటుకు ఆ కాగితం కూడా లేదు. మీరే గీసుకోవాలి. నాలుగు వారాల పాటు ఒక చిన్న నోట్‌బుక్‌లో గంటలు, రాత్రి ఫోన్లు, మధ్యలో లేచిన సార్లు రాయండి. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు 'చాలా కష్టంగా ఉంది' అన్న మాట గాలికి పోతుంది. 'ఈ నెలలో 11 రాత్రులు రెండు గంటల కన్నా తక్కువ నిద్రపోయాను' అన్న మాట బల్ల మీద ఉంటుంది.

వాళ్లను అడగాల్సింది రెండే. రెండో పీడియాట్రిషియన్, రాత్రికి కనీసం రెండు మూడేళ్లు ఎన్ఐసీయూలో పనిచేసిన డ్యూటీ డాక్టర్. రెండో మనిషికి జీతం ఎక్కడినుంచి తేవాలంటారు. మీ రెండు లక్షల్లో కొంత తగ్గించుకోవడానికి సిద్ధపడండి, అదీ మీరే ముందు అనండి. నిద్ర కొనుక్కోవడానికి అంతకన్నా చవక దారి నేను చూడలేదు. మూడు నెలలు గడువివ్వండి. కుదరకపోతే నోటీసు పీరియడ్ ఎంతో అగ్రిమెంట్‌లో చూసుకుని బయటికి వచ్చేయండి. అడ్మిషన్ల మాట మాత్రం మూడు నెలలు ఆగదు. 'తగ్గాయి' అన్నంతవరకు వినండి. 'ఇన్ని కావాలి' అన్న రోజున వెళ్లిపోండి. ఓపీలో పంపేయగల బిడ్డకు పడక రాసిన మొదటి రోజు మీకు గుర్తుంటుంది, పదో రోజు గుర్తుండదు. ఆ మార్పు జరిగాక ఏ ఊరు మారినా లాభం ఉండదు.

సిజేరియన్ కాల్స్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇది మన తెలుగు వాళ్ల ప్రత్యేకత. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. ప్రతి సిజేరియన్‌కీ బిడ్డను అందుకోవడానికి ఒక పిల్లల డాక్టర్ ఉండాలి. వాటిలో ముహూర్తం చూసుకున్నవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, తెల్లవారుజామున 4.12కి ఫలానా నక్షత్రం అని రాసిన చీటీని మీరూ చూసే ఉంటారు. బిడ్డ జాతకం బాగుండాలని 37 వారాలకే బయటికి తీస్తారు. ఊపిరితిత్తుల్లో నీరు ఆరక ఆయాసపడుతూ ఆ జాతకుడు మీ ఎన్ఐసీయూకే వస్తాడు. నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. గైనకాలజిస్టుతో ఇదొక్కటి తేల్చుకోండి: అత్యవసరమైతే ఏ వేళయినా వస్తాను. ముహూర్తమైతే 39 వారాలు నిండాక, పగటిపూట ముహూర్తాలకే వస్తాను. పగలు కూడా మంచి ఘడియలుంటాయి, పురోహితుడిని అడిగితే తీసి ఇస్తాడు. నేను ఈ షరతు పెట్టినప్పుడు రెండు నర్సింగ్ హోములు నన్ను పిలవడం మానేశాయి. మూడోది ఏడాది తిరక్కుండా దారికొచ్చింది. నాలుగింటిని రెండు చేసుకుంటే డబ్బు తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇక మారడం గురించి. రేడియాలజీ స్నేహితురాలి ఆరు గంటల మాట పక్కన పెడదాం. మళ్లీ నీట్ పీజీ రాసి, మళ్లీ మూడేళ్లు, 36కి మళ్లీ మొదటి మెట్టు. చీకటి గదిలో స్కాన్ చూస్తూ పిల్లల వార్డు తలుచుకునే మనిషి మీరని నా అనుమానం. దేశం మారడం సాధ్యమే. బ్రిటన్‌కి ఎంఆర్‌సీపీసీహెచ్ అనే పిల్లల డాక్టర్ల పరీక్షల దారి ఉంది. అమెరికా అయితే రెసిడెన్సీ మూడేళ్లు మళ్లీ మొదటినుంచి చేయాలి. కానీ ఇంత అలసి ఉన్నప్పుడు విమానం ఎక్కితే అలసట లగేజీతో పాటే వస్తుంది. ముందు ఆరు నెలలు నిద్రపోండి, అప్పటికీ వెళ్లాలనిపిస్తే అది నిజంగా వెళ్లాలనిపించడమే.

డీఎం నియోనటాలజీ (నవజాత శిశువుల వైద్యంలో పై చదువు) గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మూడేళ్లు. ఎన్ఐసీయూ మీద ఇష్టం ఉంటే మంచిదే, పెద్ద యూనిట్లలో ఒంటరితనం ఉండదు. తప్పించుకోవడానికి మాత్రం డీఎం చేయకండి, రాత్రులు ఎక్కువవుతాయే గాని తగ్గవు.

నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నవి రెండు దారులు. ఒకటి మెడికల్ కాలేజీ. గత కొన్నేళ్లలో తెలంగాణలో జిల్లా జిల్లాకూ ప్రభుత్వ కాలేజీ వచ్చింది, ఆంధ్రలో కూడా 2023లో ఒక్కసారే ఐదు తెరిచారు. మీకు సీనియర్ రెసిడెన్సీ పూర్తయింది, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు దరఖాస్తు పెట్టొచ్చు. జీతం మీకు ఇప్పుడొచ్చే దానికన్నా తగ్గొచ్చు. కొత్త కాలేజీల్లో పరికరం ఉంటే ప్లగ్ ఉండదు, ప్లగ్ ఉంటే టెక్నీషియన్ ఉండడు, అదీ నిజమే. కానీ డిపార్ట్‌మెంటు అనేది ఒకటి ఉంటుంది. ప్రొఫెసర్, అసోసియేట్, సీనియర్ రెసిడెంట్, మీరు. రాత్రి ఎవరిదో ఒకరిది. ప్రభుత్వ ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో) 1,800 గ్రాముల లోపు బిడ్డలు వరసగా వస్తారు, పని తక్కువేం కాదు. అయితే అక్కడ ఎవరూ అడ్మిషన్లు తగ్గాయనరు.

రెండోది సొంత క్లినిక్. ఒక్కరే పెడితే మళ్లీ ఇదే కథ, అద్దె కూడా మీదే. ఇద్దరు కలిసి పెట్టండి. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను పదకొండేళ్లు ఒంటరిగా, తర్వాత పదహారేళ్లు జంటగా నడిపాను. పిల్లల క్లినిక్ ఆదాయం సీజన్ మీద ఉంటుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా డెంగీ, జ్వరాలు, చలికాలం ఆయాసాలు. ఏప్రిల్‌లో గోళ్లు గిల్లుకోవాలి. ఏడాది పొడుగునా నిలకడగా వచ్చేది టీకాల డబ్బే. చూసిన పేషంటు వారంలోపు మళ్లీ వస్తే ఫీజు ఉండదు, వాట్సాప్‌లో మలం ఫోటోకి అసలే ఉండదు. మొదటి రెండేళ్లు రెండు లక్షలు కనిపించవు, అందుకని ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టుకోకుండా దిగొద్దు. అడ్మిషన్లు పెట్టుకోకండి, ఓపీ, టీకాలు చాలు. ఇద్దరిలో ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం, ఆదివారం వంతులు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఫోన్ ఒకరి దగ్గరే మోగుతుంది, రెండో మనిషి నిద్రపోతుంది. పార్ట్‌నర్ తెలివైనవారు కానవసరం లేదు. డబ్బు లెక్క రాసే అలవాటు, మీ ప్రిస్క్రిప్షన్‌ని పేషంటు ముందు తప్పుపట్టని సంస్కారం ఉంటే చాలు. నా పార్ట్‌నర్‌తో నాకు ఆంటీబయోటిక్స్ మీద ఈనాటికీ పడదు. తలుపు వేసుకుని అరుచుకుంటాం.

క్లినిక్‌తో పాటు ఇంకొకటి ఆలోచించండి. ఎదుగుదల సమస్యలు, మాట రాని పిల్లలు, ఆటిజం. 2013లో కేంద్రం ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం పెట్టినప్పుడు జిల్లాకో సత్వర చికిత్స కేంద్రం అనుకున్నారు. వాటిలో కూర్చోవడానికి శిక్షణ ఉన్న పిల్లల డాక్టర్లే కరువు. జిల్లాల్లో తల్లిదండ్రులు ఈ పిల్లల్ని ఎత్తుకుని హైదరాబాద్ బస్సులెక్కుతున్నారు. డెవలప్‌మెంటల్ పీడియాట్రిక్స్‌లో ఫెలోషిప్ చేస్తే పనంతా పగటిపూటే. ఒక్కో బిడ్డకు గంట పడుతుంది, ఓపీలో 64 మందిని చూసే వేగం అక్కడ పనికిరాదు. మీ వేగం తగ్గడానికి అదీ ఒక వైద్యమే.

ఎక్కడ చేరినా సరే, ఎన్ఐసీయూ ఉంటే లోపలికి వెళ్లి ఒక్క సంగతి చూడండి: తల్లులు లోపల ఉన్నారా, బయట మెట్ల మీద ఉన్నారా? పుట్టిన వెంటనే తక్కువ బరువు బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచితే నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వచ్చిన పరిశోధన మీరు చదివే ఉంటారు. మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో చేశారు. అది బిడ్డకు. డాక్టరుకూ దానివల్ల ఒక లాభం ఉందని నా అనుభవం. నాలుగు రోజులు మీ చేతుల్ని, సిస్టర్ల చేతుల్ని కళ్లారా చూసిన తల్లి, బిడ్డ పోయినా, బయట నిలబడ్డ ముప్పై మందితో 'వాళ్లు చంపారు' అనదు. గాజు తలుపు అవతల కూర్చుని బిల్లు మాత్రమే చూసినవాళ్లకు వేరే ఏం తెలుస్తుంది? తల్లిని లోపలికి రానిచ్చే యూనిట్‌లో సిస్టర్లు కూడా నిలకడగా ఉంటారు. అక్కడ ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో వాళ్లనే అడగండి. మేనేజింగ్ డైరెక్టర్ గారి గదిలో చెప్పే మాటల కన్నా ఆ జవాబు నమ్మదగ్గది.

మీవారి మాట. 'మానేసి వచ్చెయ్, నా జీతం చాలు' అన్నది ప్రేమతోనే అన్నారు, సందేహం లేదు. కానీ మీరు డబ్బుకోసం చేస్తున్నారని ఆయన అనుకుంటున్నారేమో. లేదా ఏమనాలో తెలియక తనకు తెలిసిన ఒక్క మందూ రాసిచ్చారేమో. 'మానెయ్' అన్న మాటకు బదులు ఆయన చేయగల పనులు చెప్పండి. నెలకు వారం రోజులు మీ ఊరినుంచే వర్క్ ఫ్రమ్ హోం. ఆ వారం పాప పూర్తిగా ఆయనది, అత్తగారిదీ అమ్మదీ కాదు. రెండు, ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి, కాలు విరిగే వాక్యంతో సహా. ఆ వాక్యం మీరు నాకు రాశారు, ఆయనకు చెప్పి ఉండరని నా ఊహ.

పాప బూస్టర్ మిగిలింది. మన పిల్లల డాక్టర్ల అకాడమీ టీకాల పట్టిక ప్రకారం 16 నుంచి 18 నెలలు. ప్రభుత్వ పట్టికలో 16 నుంచి 24. అంటే మీ వీధిలో ఆశా కార్యకర్త రిజిస్టరు తెరిస్తే మీరింకా ఆలస్యమైన తల్లి కారు, రెండు నెలలు టైముంది. ఆలస్యమైనా మొదటినుంచి మొదలుపెట్టే పని లేదని రోజుకి పది మందికి మీరే చెబుతారు. అయితే మీరు వేయకండి, మీ ఆసుపత్రి సిస్టర్ చేత ఇంటికి తెప్పించుకుని వేయించకండి. ఊళ్లో ఇంకో పిల్లల డాక్టర్ ఉంటారు కదా, మీరు కాన్ఫరెన్సుల్లో నమస్కారం పెట్టి తప్పుకునే మనిషి. ఆవిడ క్లినిక్‌కి ఒక సాయంత్రం వెళ్లండి. ముందు ఫోన్ చేయొద్దు. టోకెన్ తీసుకుని, అందరు అమ్మల మధ్య బెంచీ మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఆవిడ మిమ్మల్ని చూసి నొచ్చుకుంటుంది, ఫీజు వద్దంటుంది. సూది పడ్డాక పాప ఏడుస్తుంది, మీరు ఎత్తుకుంటారు. చివరి పేషంటు వెళ్లేదాకా ఆగి, ఆవిడను అడగండి, రాత్రిళ్లు మీకు ఎవరున్నారు అని.